పది ఆకుల కట్ట

పది ఆకులు ఒక కట్ట.
తొమ్మిదైతే మోసం, పదకొండైతే ముసలాయనకి నష్టం.
నేను లెక్కపెట్టను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా
నా బొటనవేలే లెక్కపెడుతుంది.
తొడిమలు ఒక్క వరసకి తట్టి
రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేసి
పక్కకి.

తోయోహాషిలో మా గాజు షెడ్ల మీద
పూర్తిగా చీకటి పడదు.
పొద్దు కురచైందని తెలిస్తే చాలు
షిసో ఆకు మానేసి పువ్వెత్తుతుంది.
పువ్వెత్తితే ఆకు గరుకు, వాసన పలచన, బేరం సున్నా.
అందుకే అర్ధరాత్రి దీపాలు వేస్తాం.
అక్టోబరు వచ్చి తలుపు అవతల నిలబడుతుంది.
లోపల ఇంకా జూనే.

పోయినేడు కొత్తగా పనిలో చేరిన పిల్ల, లూయెన్.
వియత్నాంలో ఎక్కడో సముద్రం పక్కన వరిపొలాలట.
మొదటి రోజే ఒక ఆకు తుంచి
తిప్పి, వెనక చూసింది.
"కింద ఊదా ఏది?" అంది, వచ్చీరాని మా భాషలో.
వాళ్ళ ఆకు పైన పచ్చ, కింద ఊదా అట.
పేరు తియా తో అట.
మొదటి ముక్క మెట్టెక్కుతుంది,
రెండోది ఎక్కిన చోటే నిలబడుతుంది.
నాలుగుసార్లు అన్నాను. నాలుగుసార్లూ నవ్వింది.

వాసన ఎలా ఉంటుందో చెప్పమని
టోక్యో నుంచి వచ్చిన ఒకాయన అడిగాడు ఆమధ్య.
పుదీనా అనబోయి ఆగాను.
సోంపు అనబోయి ఆగాను.
వానలో ఇనుప గేటు తీసిన అరచెయ్యి? అదీ కాదు.
"తినండి," అన్నాను. రాసుకున్నాడు.

మా ఇంటి వెనక నాలుగు మడులు ఎర్ర షిసో, ఊరగాయకి.
ఆ జూన్ చివర లూయెన్‌ని పిలిచాను.
కడిగి, ఆరబెట్టి, ఉప్పేసి పిసుకుతుంటే
వేళ్ళ సందుల్లోంచి నల్లటి నురుగు.
"పారబొయ్యి."
"రంగంతా పోతోందే!"
పోనీ. అది రంగు కాదు, చేదు.
రెండోసారి ఉప్పేసి పిసికి
ఊరుతున్న ఉమె కాయల పులుపు ఒక గరిట పోస్తే
ఆ నల్లటి ముద్ద
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు
గభాలున ఎర్రబడింది.
లూయెన్ చేతులు మూడు రోజులు ఎర్రగానే ఉన్నాయి.

నవంబరులో నాకు జ్వరం.
సాయంత్రం తలుపు తట్టింది, చేతిలో మూతపెట్టిన గిన్నె.
వేడి గంజి, అడుగున గుడ్డు, ఉల్లికాడలు,
పైన గుప్పెడు షిసో.
చిరిగినవి, పురుగు కొరికినవి, కట్టకి పనికిరానివి.
నా బతుకంతా ఈ ఆకుని
పచ్చి చేప పక్కన ఒక్కటిగా చూశాను.
సగం మంది దాన్ని తినరు కూడా, పళ్ళెంలోనే వదిలేస్తారు.
"ఎన్ని వేశావే?" అన్నాను.
లెక్కపెట్టలేదంది.
దుప్పటి కప్పి, చెమట పట్టేదాకా కదలొద్దంది,
నా కూతురి వయసు కూడా లేనిది.
పట్టింది. తెల్లవారుజామున, చొక్కా తడిసేలా.

ఆ శరత్తులోనే, షెడ్డు వెనక చెత్తకుప్ప మీద
మేం పీకి పారేసిన పచ్చ మొక్కొకటి
దీపం అందని చోట చీకటి చూసింది.
తన నెల తనకి తెలిసిపోయింది.
పువ్వెత్తింది, కంకి వేసింది.
గోడ అవతలే నా ఎర్ర మడులు.
తేనెటీగలకి గోడలేమిటి!

ఏప్రిల్లో అక్కడ ఒక మొలక.
ఎవరూ నాటలేదు.
లూయెన్ వంగింది, ఆకు తిప్పింది,
చాలాసేపు లేవలేదు.
పైన పచ్చ.
కింద ఊదా.
వాళ్ళ ఆకు కాదది, వాసన వేరంది.
మళ్ళీ వాసన చూసింది.

కలిసిన విత్తనం పంట పాడుచేస్తుంది,
పీకెయ్ కినుయే, అన్నాడు ముసలాయన.
ఆయన మాట నిజమే.
రేపు పీకుతానన్నాను.
మూడు వారాలుగా అంటూనే ఉన్నాను.
ఆయన అటు వచ్చే వేళకి
దాని మీద ఒక పాత బకెట్టు బోర్లించి ఉంటుంది.
ఎవరు బోర్లిస్తున్నారో
నేను అడగలేదు.